కోట అంటారు గానీ బురుజులు ఏవి?

నీ ప్రశ్న చదివాను బాబూ. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో రాజుగారి కోట పక్కనుంచే రోజూ బడికి వెళ్ళేవాడివి, ఇప్పుడు ఇంటీరియర్ డిజైన్ చదువుతూ ఇంగ్లండులోని విండ్సర్ కోట వీడియోలు చూశావు, అక్కడ దిబ్బ మీద బురుజు, చుట్టూ రాతి ప్రాకారం అన్నీ ఉన్నాయి, మరి మనదాన్ని కోట అని ఎందుకంటున్నారు, లోపల అలంకరణ ఎలా ఉండేది, మీ తాతగారి పాత మేడలో ముందు గదిని ఆ తరహాలో చేయించాలంటే ఏమేం కొనాలి అని అడిగావు. చివరిదానికి ముందే చెప్పేస్తాను, కొనాల్సింది తక్కువ, పీకించాల్సింది ఎక్కువ. ఎందుకో కింద చదువు.

నేను ఇంజనీరునీ కాదు, చరిత్ర మాస్టారినీ కాదు. పాతపట్నం నుంచి గుణుపురం దాకా పాత మేడలకి సున్నం పనీ దూలాల పనీ చేయిస్తూ ముప్పయ్యేళ్ళు గడిపాను. ఇంకోమాట, కోట ఒక కుటుంబం ఇల్లు, కాబట్టి అందులో ఏ గదిలో ఏముందో నేను రాయను. అదే కాలంలో మన వైపు జమీందార్లూ వాళ్ళ దివాన్లూ కట్టుకున్న మేడలన్నిటికీ వర్తించే సంగతులే చెప్తాను.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మన జనానికి కోట అంటే రాజు ఉండే చోటు, అంతే, గోడ ఎంత మందం అని ఎవరూ కొలవలేదు. మా మామ్మ అయితే నగరు అనేది, "నగర్లోంచి పిలుపొచ్చింది" అని. పూరీలో రాజుగారి ఇంటిని ఒడియావాళ్ళు శ్రీనహర అంటారు చూడు, అది కూడా ఈ నగరుకి చుట్టమే. రెండు భాషలూ కలిసి కాపురం చేసే ఊళ్ళో ఇలాంటివి చాలా దొరుకుతాయి.

అసలు బురుజులున్న కోటలు మన దగ్గర లేకపోలేదు. విజయనగరంలో 1713లో మొదలెట్టిన రాతికోట నాలుగు మూలలా బురుజులతో ఇప్పటికీ ఉంది, బస్సెక్కి వెళ్ళి చూడొచ్చు. బొబ్బిలిది మట్టిగోడల కోట, 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు దాని గతి ఏమైందో నీకు నేను చెప్పక్కర్లేదు. పర్లాకిమిడి రాజులు కూడా కుంఫిణీ వాళ్ళతో గట్టిగానే తలపడ్డారు, 1768లో జలుమూరు దగ్గర ఓడిపోయారు. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు వచ్చి, ఏడాదికి ఇంత పేష్కషు, అంటే కప్పం, కట్టు, సైన్యం గొడవ నీకొద్దు అన్నట్టయింది. అయినా ఈ కొండల్లో అలజడి అంత తొందరగా చల్లారలేదు, 1832లో రస్సెల్ అనే అధికారిని మద్రాసు నుంచి ప్రత్యేకంగా పంపాల్సి వచ్చింది. అదంతా అణిగిపోయాక రాజు బురుజు కట్టుకుని ఏం చేస్తాడు, దాని మీద పెట్టడానికి ఫిరంగి ఉండనివ్వరు కదా. దాంతో దర్జా అంతా గోడల మీదనుంచి దిగి లోపలి గదుల్లోకి వచ్చింది. మన కోటల్లో ఇంటీరియర్ కథ మొదలయ్యేది ఇక్కడే, కత్తులు గోడకి తగిలించుకున్న రోజునుంచి.

పర్లాకిమిడి కోట గురించి నెట్‌లో ఒక వాక్యం తిరుగుతుంటుంది, 1835-45 మధ్య కట్టారు, డిజైన్ రాబర్ట్ చిజం అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు చేశాడు అని. ఆ రెండూ ఒకే వాక్యంలో ఇమడవు. చిజం పుట్టింది 1840 ప్రాంతంలో, మద్రాసు వచ్చింది 1860లలో. పాలు తాగే వయసులో పర్లాకిమిడికి ప్లాను గీసి పంపాడంటే నమ్మేవాళ్ళు నమ్మండి. ఏ పాత మేడైనా ఒక్కసారి కట్టింది కాదు, తాత కట్టినదానికి మనవడు ముందు వరండా కలుపుతాడు, మునిమనవడు మేడ వేస్తాడు. మీ ఇల్లు కూడా అంతే, చూసుకో, వెనక భాగం ఇటుకా ముందు భాగం ఇటుకా ఒక సైజులో ఉండవు. పొరలు విడదీసి చూడ్డం నేర్చుకుంటే సగం చరిత్ర గోడే చెప్తుంది.

చిజం ఏం చేశాడో తెలుసుకోవడం మాత్రం నీ చదువుకి పనికొస్తుంది. మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీ, 1879లో పూర్తయిన సెనేట్ హౌస్, తిరువనంతపురంలో 1880 నాటి నేపియర్ మ్యూజియం అతనివే. బరోడా లక్ష్మీ విలాస్ ప్యాలెస్ మొదలుపెట్టిన మాంట్ అనే ఇంజనీరు 1881లో చనిపోతే, దాన్ని 1890కి పూర్తి చేసిందీ ఇతనే. గుమ్మటం మొగలాయిది, కమాను ఇంకోచోటిది, గడియారం గోపురం ఇంగ్లండుది, అన్నీ ఒక భవనం మీదికి తెచ్చి కుదురుగా కూర్చోబెట్టే పద్ధతి, దాన్నే ఇండో సారసెనిక్ అంటారు. కొందరికి అది కిచిడీ. నాకు మాత్రం ఇష్టమే, ఎందుకంటే పై వేషం ఏదైనా లోపల గాలి సంగతి మర్చిపోని మనిషి అతను.

ఆ గాలి సంగతే అసలు సంగతి. విండ్సర్ కోట పని 1070 ప్రాంతంలో విలియం రాజు మొదలుపెట్టించాడు. ఆ చలిదేశంలో రాతిగోడ ఐసుముక్కలా ఉంటుంది, అందుకే గోడలకి దుప్పట్లలాంటి నేత తెరలు వేలాడదీశారు, ప్రతి గదికీ నెగడు పెట్టారు, కింద తివాచీ మీద తివాచీ పరిచారు. అవి మనకి ఇప్పుడు అలంకారంగా కనిపిస్తాయి గానీ మొదట్లో అవి చలికి మందు. మనకి కావాల్సింది దానికి సరిగ్గా తలకిందులు. రెండున్నర, మూడడుగుల గోడ ఎందుకంటే మధ్యాహ్నం బయట పడిన ఎండ లోపలికి చేరేసరికి రాత్రవ్వాలి, అప్పటికి నువ్వు మేడ మీద నవారు మంచం వేసుకుని పడుకుని ఉంటావు. చుట్టూ వరండా ఎందుకంటే అసలు గోడ మీద ఎండే పడకూడదు, వానజల్లు కొట్టకూడదు. పదహారు, పద్దెనిమిది అడుగుల కప్పు ఎత్తు దర్జా కోసమే అనుకుంటారు, కాదు, వేడిగాలి పైకి పోయి వెంటిలేటర్లోంచి బయటపడాలి. వెంటిలేటర్ మూసేస్తే ఆ ఎత్తు శుద్ధ దండగ. వేసవిలో గుమ్మాలకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు, గాలి వాటిలోంచి వచ్చేది, చల్లదనమూ అదే, అత్తరూ అదే.

పంకా సంగతి చెప్తాను, ఇది నువ్వు మీ ఇంట్లోనే వెతకొచ్చు. కరెంటు రాకముందు పంకా అంటే తిరిగేది కాదు, ఊగేది. పొడవాటి చెక్కకి గుడ్డ కుచ్చులు కట్టి దూలానికి వేలాడదీసేవాళ్ళు. దాని తాడు గోడలో ఒక కన్నంలోంచి బయటి వరండాలోకి పోయేది, అక్కడ ఒక మనిషి కూర్చుని లాగుతూ ఉండేవాడు, ఒక్కోసారి కాలి బొటనవేలికి కట్టుకుని పడుకుని కూడా. లోపల మాటలు అతనికి వినపడకూడదని చెవిటివాణ్ణి పెట్టుకునేవాళ్ళని చెప్పుకుంటారు, అది ఎంతవరకు నిజమోగానీ గోడ అవతల మనిషి ఉండేవాడన్నది మాత్రం ఆ కన్నమే సాక్ష్యం. టెక్కలి వైపు ఒక మేడలో పాత సున్నం గీకిస్తుంటే గోడలో పైన రూపాయి బిళ్ళంత కన్నం బయటపడింది, లోపల టేకు కప్పీ ఉంది, తాడు రాసుకుని రాసుకుని ఆ కప్పీ ఒక పక్కకే వేలు పట్టేంత లోతుగా అరిగిపోయింది. ఎన్ని ఎండాకాలాలు లాగితే అంత అరుగుతుంది! ఆ ఇంటివాళ్ళు షాండ్లియర్ ఎక్కడ తగిలించాలా అని చూస్తున్నారు, నేను మాత్రం ఆ కప్పీ దగ్గర నిచ్చెన మీదే చాలాసేపు ఉండిపోయాను.

ఇంక గదుల వరస. యూరప్ రాజభవనాల్లో గదిలోంచి గది, గదిలోంచి గది, తలుపులన్నీ ఒకే గీత మీద ఉంటాయి, ఎంత పెద్దమనిషివైతే అంత లోపలిదాకా రానిస్తారు. మన దగ్గర కూడా అదే లెక్క, కాకపోతే గదులతో కాకుండా మెట్లతో, వాకిళ్ళతో. రైతు సింహద్వారం దాటి కింద వాకిట్లో నిలబడతాడు. కరణం, గుమస్తా కచేరీ వరండా ఎక్కుతారు. చుట్టాలూ పండితులూ హజారంలోకి, అంటే కొలువుదీరే పెద్ద హాల్లోకి వస్తారు. మండువా దాటి రాణివాసంలోకి మగపురుగు పోవడానికి లేదు, ఘోషా పాటించే ఇళ్ళలో ఆడవాళ్ళకి మెట్లు కూడా వేరే, సన్నగా, మలుపు తిరిగి, మేడ మీద జాలీ కిటికీ దగ్గర తేలతాయి. నాట్యమైనా హరికథైనా వాళ్ళు చూసేది ఆ జాలీలోంచే. నీ కోర్సులో దీన్ని సర్క్యులేషన్ అంటారేమో. ఇక్కడ అది మర్యాద, కులం, భయం, అన్నీ కలిపి గీసిన ప్లాను.

కూర్చోవడం కూడా రెండు రకాలు. హజారంలో తివాచీ, తెల్లటి పరుపు, బాలీసులు, అందరూ నేల మీదే, రాజుగారి గద్దె మాత్రం ఒక మెట్టు ఎత్తు. కానీ కలెక్టరు దొర వస్తే? బూట్లు విప్పడు, నేల మీద కూర్చోడు. అతని కోసం ముందువైపు ఒక గది వేరే తయారైంది, అందులోనే సోఫాలు, గుండ్రటి బల్ల, నిలువుటద్దాలు, గాజు దీపాల గుత్తులు. ఇప్పుడు మనం ప్యాలెస్ లుక్ అని ఫొటోల్లో చూసేదంతా ఈ ఒక్క దొరగారి గదే. వెనక రాజుగారి కుటుంబం బతికిన గదుల్లో సామానే తక్కువ, ఒక పందిరి మంచం, చెక్క పెట్టెలు, గోడ గూళ్ళు, దండెం. అద్దాలు అంతంత పెద్దవి ఎందుకంటే ముఖం చూసుకోవడానికి కాదు, కరెంటు లేని రోజుల్లో ఒక కొవ్వొత్తి వెలుగు అద్దంలో పడి రెండవుతుంది. తలుపుల పైన అర్ధచంద్రంలో రంగు అద్దాలు కూడా మధ్యాహ్నపు ఎండని మెత్తబరచడానికే, పది దాటాక ఎర్రటి, పచ్చటి మచ్చలు నేల మీద పాకుతూ పోతుంటే చిన్నపిల్లలు వాటిమీద గెంతుతారు, ఇప్పటికీ.

ఈ సామానంతా ఎలా వచ్చిందంటావేమో. గ్లాస్గో ఫౌండ్రీల పోత ఇనుప స్తంభాలు, బెల్జియం అద్దాలు, ఇంగ్లండు మింటన్ టైల్స్, ఇవన్నీ ఓడల్లో రేవులకి వచ్చి అక్కడినుంచి ఎడ్లబళ్ళ మీద రావాల్సిందే. 1890లలో మద్రాసు-కలకత్తా రైలు దారి నౌపడ మీదుగా పడింది, అక్కడనుంచి పర్లాకిమిడికి రాజా గౌరచంద్ర గజపతి సొంత ఖర్చుతో రెండున్నర అడుగుల చిన్న రైలు వేయించాడు, 1900 ఏప్రిల్ 1న మొదలైంది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. ఏప్రిల్ 1 ఈ ఊరికి అచ్చొచ్చిన రోజో అచ్చిరానిదో గానీ, 1936లో ఒడిశా రాష్ట్రం పుట్టిందీ ఆ రోజే, 1937లో మన రాజుగారు కృష్ణచంద్ర గజపతి దానికి మొదటి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్ళు) అయిందీ ఆ రోజే. ఆ 1936 సరిహద్దు గీతతో కోట ఒడిశాలో ఉండిపోయింది, కోటకి శిస్తు కట్టిన ఊళ్ళు చాలామటుకు మద్రాసు వైపు, అంటే ఇప్పటి శ్రీకాకుళం వైపు ఉండిపోయాయి. రాజుగారి బడిలోనే పనిచేసి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు కూడా అప్పుడే ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మీ తాతగారి కాగితాల్లో తెలుగు దస్తావేజులు పక్కన ఒడియా రసీదులు ఎందుకున్నాయో దీంతో అర్థమవుతుంది.

ఇప్పుడు మీ గది దగ్గరికి వద్దాం. దీనికి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇరవయ్యేళ్ళ కిందట సరిహద్దు ఊళ్ళో ఒక పాత మేడ, ఇంటివాళ్ళు గోడలు నున్నగా, షైనింగ్‌గా కావాలన్నారు. నేను వద్దనకుండా సున్నం గోడమీద సిమెంటు ప్లాస్టరు కొట్టించి, మీద ప్లాస్టిక్ పెయింటు వేయించాను. డబ్బులు బాగానే వచ్చాయి. రెండు వానాకాలాలు గడిచాక ఫోనొచ్చింది. వెళ్ళి చూస్తే నడుమెత్తున పెయింటు బుడగలు బుడగలుగా లేచి ఉంది. ఒకదాన్ని బొటనవేలితో నొక్కితే పగిలి నీళ్ళు కారాయి, నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. పాత మేడకి పునాదిలో తేమని ఆపే పొర ఉండదు, నేలలో తడి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది, సున్నం గోడ దాన్ని ఊపిరితో పాటు బయటికి వదిలేస్తుంది. నేను దానికి రెయిన్‌కోటు తొడిగాను. తడి పైకి పోయి పోయి దూలం చివర గోడలో కూర్చున్న చోట చేరింది, స్క్రూడ్రైవర్ గుచ్చితే టేకు దూలం చివర పొడిపొడిగా రాలింది. సొంత డబ్బుతో ఆ సిమెంటంతా చెక్కించాను. అప్పట్నుంచి ఎవరు అడిగినా పాత గోడ మీద సిమెంటు వేయను.

కాబట్టి నువ్వు మొదట చేయాల్సింది, గోడ మీదున్న ఎమల్షన్ పొరలు గీకించడం. సిమెంటు అతుకులుంటే చెక్కించెయ్. తర్వాత సున్నం. సున్నపురాయినో గుల్లలనో బట్టీలో కాల్చితే అందులో గాలి పోతుంది, నీళ్ళు పోస్తే సలసల మరిగి మెత్తబడుతుంది, గోడకెక్కాక ఆ పోయిన గాలినే మళ్ళీ పీల్చుకుని నెమ్మదిగా రాయవుతుంది. దానికి వారాలు, నెలలు పడుతుంది, ఈలోగా తొందరపెట్టే ఓనరే దానికి పెద్ద శత్రువు. నానబెట్టిన సున్నంలో ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో ఆడించాలి, కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తారు, పట్టు బాగుంటుంది. పై పూతకి మాత్రం మెత్తగా నూరిన సున్నం, గుడ్డు తెల్లసొన, నున్నటి గులకరాయితో రుద్దీ రుద్దీ తీస్తే పాలరాయి మీద చెయ్యి పెట్టినట్టుంటుంది, ఎండాకాలం చెంప ఆనిస్తే చల్లగా. మా పాత మేస్త్రీ ఒకడుండేవాడు, పూత అయిందో లేదో చూడ్డానికి కళ్ళు మూసుకుని అరచేత్తో గోడంతా తడిమేవాడు, చూపు మోసం చేస్తుంది, చెయ్యి చేయదు అనేవాడు. ముందు గది మొత్తానికి ఆ పని చేయించాలంటే డబ్బు గట్టిగా అవుతుంది. ఒక్క గోడకి చేయించుకో, మిగతావాటికి వెల్ల చాలు.

పైకి చూడు. మీది మద్రాసు టెర్రస్ కప్పే అయ్యుంటుంది, దూలాల మీద దంతెలు, వాటి మీద సన్నటి చిన్న ఇటుకలు నిలబెట్టి ఏటవాలుగా పేర్చి ఉంటాయి, పైన ఇటుక జల్లి సున్నంతో కలిపి, ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్క బద్దలతో రోజుల తరబడి పాటపాడుతూ కొడితే గట్టిపడిన పొర. దానికి పీవోపీ ఫాల్స్ సీలింగ్ వేస్తానని నీ పోస్టులో ఉంది. వద్దు. వెంటిలేటర్లు మూసుకుపోతాయి, దూలానికి చెద పట్టినా కనపడదు. ఇంకోటి, ఆ సీలింగులో దాచే స్పాట్ లైట్లు. నువ్వు మెచ్చుకున్న విండ్సర్‌లో 1992 నవంబర్ 20న ఒక స్పాట్ లైటు వేడికి కర్టెన్ అంటుకునే వందకి పైగా గదులు దెబ్బతిన్నాయి, బాగు చేయడానికి అయిదేళ్ళు, మూడున్నర కోట్ల పౌండ్లకి పైనే అయింది. వాళ్ళకి ఆ డబ్బుంది. పాత వైరింగు, ఎండిన టేకు, వేలాడే కర్టెన్లు ఒక చోట ఉంటే నాకైతే రాత్రి నిద్రపట్టదు. వైరింగు మొత్తం మార్పించి, పైపుల్లో బయటికే కనపడేలా వేయించు, ఏం సిగ్గుపడక్కర్లేదు.

నేలకి మింటన్ టైల్స్ కోసం వెతకొద్దు. అసలువి రంగు మట్టితో ముగ్గు పొదిగి కాల్చినవి, ఎంత అరిగినా డిజైను పోదు. ఆ పేరుతో ఇప్పుడు అమ్మేవి చాలామటుకు పైన ప్రింటేసినవి. మీ ఇంట్లో ఎర్ర గచ్చు ఉందన్నావు, దాన్ని ఉంచుకో, కొబ్బరినూనె గుడ్డతో వారం రోజులు రుద్దించు, పగుళ్ళున్నా బాగుంటుంది. సామాను గురించి అయితే, ఆన్‌లైన్లో దొరికే బంగారు రంగు సింహాసనం కుర్చీ ఒక్కటి కూడా లోపలికి తేవద్దు, దొరగారి గది కాదుగా అది. గోడ గూడులో పెట్టుకోవడానికి ఏదైనా కావాలంటే మన ఊళ్ళోనే కొమ్ముపని చేసేవాళ్ళున్నారు, రాజుల కాలం నుంచి చేస్తున్న పని. పశువు కొమ్ముని నిప్పు సెగ మీద వేడిచేసి మెత్తబడగానే వంచి కొంగ మెడ తీస్తుంటే చూడు, కాలిన వెంట్రుకల వాసనకి ముక్కు మూసుకోవాలి గానీ పాలిష్ అయ్యాక దీపానికి అడ్డంగా పట్టుకుంటే తేనెరంగులో వెలుగు అవతలికి కనిపిస్తుంది.

ఫొటోలు పంపేటప్పుడు గది మొత్తం తీసిన ఫొటో ఒక్కటి చాలు. మిగతావి దూలాలు గోడలో కూర్చునే చోట్లు, నేల దగ్గర మోకాలెత్తు గోడ, మూసేసిన వెంటిలేటర్లు, ఇవి దగ్గర్నుంచి తియ్యి. వరండా వైపు గోడ పైభాగంలో రంగు కింద గుండ్రంగా పూడ్చిన గుర్తేమైనా ఉందేమో టార్చి ఏటవాలుగా వేసి చూడు. ఉంటే నేనొచ్చేదాకా గీకించకు.